లక్ష్మీవారం డాక్టరు

“తాగినప్పుడు లేని సిగ్గు డాక్టరు దగ్గర దేనికిరా?” అన్నాడు త్రినాధరావు, పక్కన కూర్చున్న బామ్మర్దిని మోచేత్తో పొడుస్తూ.

ధనరాజ్ తల వంచుకున్నాడు. “నిజమే బావా.”

చుక్క ముట్టనివాడినన్న కీర్తిని అనకాపల్లి బెల్లం మార్కెట్లో త్రినాధరావు ముప్ఫయ్యేళ్లుగా కిరీటంలా మోస్తున్నాడు. “తమ్ముడి లివరు చూపించాలి, పెద్దదిక్కుగా మీరు తోడు రండి” అని భార్య కుమారి బతిమాలితే వచ్చాడు. ఆ లివరు డాక్టరు విశాఖ నుంచి లక్ష్మీవారాల్లో మాత్రమే వస్తాడు. జబ్బు ఎంత త్వరగా ముదరబోతోందో ఇవాళ తేల్చి చెప్తానన్నాడు.

త్రినాధరావు ఇరుకైన చెప్పులు విడిచి, తప్పు కొలత ఇచ్చిన కొట్టువాణ్ణి తిట్టాడు. పంచె ముడి సడలించుకుని గోడ మీది కాగితం చదివాడు. షుగరుతోనూ కొవ్వుతోనూ కూడా కాలేయం గట్టిపడుతుందట.

“తాగుబోతుల్ని ఎనకేసుకొచ్చే రాతలు. మీ అక్క షుగరు పేరు చెప్పి మాటిమాటికీ నా రక్తం తీయించింది. ఆ సూదేదో నీకు గుచ్చించుంటే పోయేది,” అంటూనే కునుకు తీశాడు.

వెంట వచ్చిన కుమారి తట్టి లేపి లోపలికి నడిపించింది.

డాక్టరు ఇద్దరినీ చేతులు చాచమన్నాడు. ఇద్దరివీ అదిరాయి.

“నాది వయసండి. ఈడిది మందు,” అన్నాడు త్రినాధరావు.

“ఇవాళ ఏ వారం?” డాక్టరు కాగితాల మీంచి తల ఎత్తకుండా అడిగాడు.

“లక్ష్మీవారమండి,” అన్నాడు ధనరాజ్.

త్రినాధరావు పకపకా నవ్వాడు. “బుధవారంరా. సూసేరా డాక్టరు గారూ? బుర్రకెక్కేసింది.”

కుమారి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు కలం మూశాడు. “పరీక్షలు చూసి, ముదరడానికి ఇంకా మూడు నెలలు పడుతుందనుకున్నాను. కాలేయం వడకట్టని మలినం అప్పుడే మెదడుకు చేరుతోంది. ఈ పూటే చేర్చుకుంటే దారికి తేవచ్చు. రేపంటే నేను మాట ఇవ్వలేను.”

“ఇన్నావేట్రా?” త్రినాధరావు చూపు కుమారి చేతిసంచి మీద పడింది. “ఓహో, బట్టలు కూడా సర్దేసేవేటి? తమ్ముడి బాగోతం ముందే తెలుసన్నమాట. చేర్చేసుకోండి డాక్టరు గారూ. పరువు గల ఇంట పుట్టవలసిన జబ్బు కాదిది.”

ధనరాజ్ కళ్లు తుడుచుకున్నాడు.

నర్సు పేషెంటు పేరు రాసిన పట్టీ తెచ్చి త్రినాధరావు మణికట్టుకు చుట్టింది.