రొయ్యలు ఊరుకున్న పూట

ఉప్పునీళ్లు పుట్టినప్పటి నుంచీ ముసలి చేపలు చెప్పుకునే మాట ఇది. సూక్ష్మకర్ణుడనే డాల్ఫిన్ నీళ్లలోకి ఒక కేక వేసి, అది దేనికో తగిలి తిరిగొచ్చే తీరును బట్టి చేపల గుంపు ఎక్కడుందో చెప్పేసేవాడు. అయితే సముద్రం ఎప్పుడూ ఒక్కలా ఉండదు కదా. పైనీళ్లు వేడెక్కినా, అడుగునీళ్లు చల్లబడినా ఆ కేక వంకర తిరిగేది. వేట తప్పినప్పుడల్లా అతను సముద్రాన్ని ఏమీ అనలేక, రాతికింది రొయ్యల మీద పడేవాడు.

"పొద్దస్తమానం మీ చిటపటలేనా? నా కేక నాకే వినపడటం లేదు."

"మా ముందుకాళ్లు పటకార్లు బాబూ. ఆడించకుండా ఉండలేం," అంది ముసలి రొయ్య చిటికెలమ్మ.

ఒక మధ్యాహ్నం ఆ చిటపటలు టక్కున ఆగిపోయాయి. తన తిట్లు ఇన్నాళ్లకు పనిచేశాయని సూక్ష్మకర్ణుడు పొంగిపోయి, ఆ నిశ్శబ్దంలోకి తీరిగ్గా ఒక కేక వేశాడు. ఎన్నడూ లేనంత స్పష్టంగా జవాబొచ్చింది. ఎదురుగానే ఉంది, బాగా పెద్ద చేప. నోరూరి ముందుకెళ్లాడు. ఆ చేప కూడా నోరు తెరిచింది. అది సొర.

తోక చివర కాస్త పోగొట్టుకుని, ఎలాగో తప్పించుకుని రాతి దగ్గరికొచ్చి పడ్డాడు.

"సొర వచ్చినప్పుడే మేం ఊరుకుంటాం బాబూ," అంది చిటికెలమ్మ. "నువ్వేమో రోజూ ఊరుకోమంటావు."

ఇప్పుడు వేటకు బయల్దేరే ముందు అతను ఆ రాతి దగ్గర ఆగుతాడు. చిటపటలు కాస్త తగ్గాయనిపిస్తే చాలు, మిగిలిన తోక ముడుచుకుని, "ఏం చిటికెలమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతాడు.