వంకర చక్రాలు

"ఏ చెక్క మీద పని అంకుల్?" అన్నాడు పృథ్వీ, మిషన్ మీది ప్లాస్టిక్ కవరు తీస్తూ.

"టేకు. ఆవిరి ఇంజను బొమ్మ చేస్తన్నాను," అన్నాడు సూర్యం.

వ్యాపార్ విహార్ బజారులో పృథ్వీ నడిపే ఆ దుకాణంలో మూడు సైజుల మిషన్లున్నాయి. కంప్యూటర్‌లో బొమ్మ గీసిస్తే చాలు, మిషనే కత్తి నడిపి చెక్కేస్తుంది. సూర్యం రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యాడు. తాను మొదటిసారి బొగ్గు వేసిన ఇంజన్ని చెక్కతో చెయ్యాలని అతని కోరిక. నిరుడు పక్షవాతం వచ్చి తగ్గింది కాని, కుడిచేతి వణుకు తగ్గలేదు.

"చిన్నది టేకు మీద ఊగిపోతుంది. మధ్యదే తీసుకోండి. గట్టి ఫ్రేము. చక్రాల స్పోకులు కూడా బిల్కుల్ సాఫ్‌గా వస్తాయి."

"చప్పుడెక్కువా?" అంది సూర్యం భార్య అప్పలనర్సమ్మ, గుమ్మం దగ్గర స్టూలు మీంచి.

"కొంచెం ఉంటుంది ఆంటీ. దుమ్ము కూడా."

"ఎందుకేటండీ ఈ గోల? చేత్తో చేసుకుంటన్నారు కదా. అదే బాగుంది."

"ఏటి బాగుంది?" సూర్యం జేబులోంచి ఒక చెక్క చక్రం తీసి బల్ల మీద పెట్టాడు. "చూడు బాబూ. ఒక స్పోకు లావు, ఒకటి సన్నం. అంచు వంకర. జబ్బుకి ముందు ఇలా చేసేవాణ్ణి కాదు."

పృథ్వీ దాన్ని తిప్పి చూశాడు. "అచ్ఛా హై అంకుల్. చేతిపని అంటే ఇలాగే ఉంటుంది."

"మొహమాటానికి చెప్పకు. పొద్దున్న చెక్కింది సాయంత్రం చూసుకుంటే, ఇది నాదేనా అనిపిస్తాది."

అప్పలనర్సమ్మ తల తిప్పుకుని రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ కూర్చుంది.

"మిషనైతే వేళ్లు తెగే భయం కూడా లేదు," అన్నాడు పృథ్వీ.

"నాకెప్పుడూ తెగలేదు. మా ఇంటావిడకే, ఈ మధ్య కూరలు తరిగితే చాలు, తెగుతాది," అని సూర్యం నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మధ్య సైజుది ఖాయమైంది. ఇంటికి వస్తుండగా ఆటోలో ఆమె మరోసారి చెప్పి చూసింది.

"మధ్యాహ్నం మాత్రలేసుకుని పడుకుంటారు. లేచాక నిదానంగా చెక్కుకుంటే అవదా? తొందరేటి?"

"నా పని నీకెప్పుడూ గిట్టలేదు నర్సూ. చెక్కపొట్టు ఊడ్చలేక విసుక్కునేదానివి. మిషన్ కొంటానంటే ఇప్పుడు అదీ పడదు."

ఆమె తన వేళ్ల మీదికి కొంగు లాక్కుంది.

వారం తిరక్కుండా పృథ్వీ తోర్వా పేటలోని వాళ్లింటికొచ్చి, వసారాలో మిషన్ బిగించాడు. సూర్యం చెప్పిన కొలతలతో చక్రం బొమ్మ గీసి, కంప్యూటర్‌లో ఎక్కించి పెట్టాడు. కత్తి గిర్రున తిరిగింది. టేకు పొడి ఎగిరింది. కాసేపటికి తయారైన చక్రాన్ని సూర్యం అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అతని కళ్లు చెమర్చాయి.

"చూసినావా నర్సూ? చక్రమంటే ఇదీ. పోయిన నా చెయ్యి మళ్లీ నాకొచ్చింది."

"బాగుంది," అందామె. అది నిజంగానే బాగుంది.

ఏడాదిగా పోగైన చక్రాల డబ్బా తెచ్చి అతను ఆమె చేతిలో పెట్టాడు. "ఇవి చెత్తబండిలో వేసెయ్యి. చూస్తే సిగ్గేస్తాది."

"ఉంచుకుంటానండి."

"ఏటికి, ఈ వంకరవి?"

"ఊరికే."

డబ్బా పట్టుకుని ఆమె వంటింట్లోకి వచ్చి కింద కూర్చుంది. వసారాలో మిషన్ మళ్లీ మోగింది. దాని పక్కన సూర్యం ఏదో కూనిరాగం తీస్తున్నాడు. జబ్బు చేశాక అతను పాడటం ఇదే మొదలు. ఏడాదిగా దాచుకున్న మాట ఇక ఎన్నటికీ చెప్పలేనని ఆమెకు అర్థమైంది. చక్రాలను ఒక్కొక్కటీ తీసి కొంగుతో తుడిచి, మళ్లీ డబ్బాలో పేర్చుకుంది.

అవన్నీ, సూర్యం చెక్కి పాడైనవాటి బదులు, అతను పడుకున్నాక ఆమె చెక్కినవే.