ఉదయం ఏడింటి ఫోన్

ఉదయం ఏడు కాగానే ఫోన్ మోగింది.

"రయీసా, నీ పెళ్ళికొడుకు" అన్నాడు పంపు చూసే విటాలీ, సూర్యకాంతపు గింజలు కొరుకుతూ.

నిస్త్రు నది నీటిని శుద్ధి చేసి పట్నానికి పంపే కేంద్రంలో రయీసా పొద్దుటి షిఫ్టు ఇంజనీరు. ఆ ముసలి గొంతు ఏడాదిగా ఆమె ప్రాణం తోడేస్తోంది.

"అమ్మాయ్, ఇవాళ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. పటిక కాస్త ఎక్కువ వెయ్యండి."

"తాతా, ఇక్కడ నీళ్ళు తేటగానే ఉన్నాయి. మీ ఇంటి గొట్టం తుప్పు పట్టుంటుంది. ప్లంబర్ని పిలుచుకోండి."

"గొట్టం సంగతి కాదమ్మా..."

ఆమె పెట్టేసింది. ఫిర్యాదుల పుస్తకంలో 'మళ్ళీ ముసలాయనే' అని గీకింది.

రోజూ రెండింటికి షిఫ్టు దిగి ఇంటికి పోయేది. ఆ తర్వాత నీళ్ళు ఎలా ఉంటున్నాయో ఏనాడూ అడగలేదు.

మార్చిలో ఒక బుధవారం, ఆ గొంతు రొప్పుతూ వచ్చింది.

"అమ్మాయ్, కిరసనాయిలు వాసన. పైన తెట్టు కట్టి తేలుతోంది. నది గేటు మూసెయ్యండి."

రయీసాకు ఒళ్ళు మండింది.

"గేటు మూస్తే పట్నమంతా ఏం తాగాలి? పొద్దున్నే కబుర్లకి మీకు ఇంకెవరూ దొరకరా తాతా?"



"దొరకరనే అనుకో. గేటు మాత్రం ముయ్యి తల్లీ."

ఆమె ఫోన్ పెట్టేసి, మళ్ళీ మోగకుండా రిసీవరు తీసి బల్ల మీద పడేసింది.

మధ్యాహ్నం మూడింటికల్లా నూనె తెట్టు గేటు దాటి ట్యాంకుల్లోకి వచ్చేసింది.

అన్నీ పారబోసి కడిగేసరికి నాలుగు రోజులు పట్టింది. రొట్టెల కొట్లు మూతపడ్డాయి. ఆసుపత్రి ముందు నీళ్ళ లారీ దగ్గర జనం కొట్టుకున్నారు.

సోమవారం రయీసా ఫిర్యాదుల పుస్తకాన్నీ, మధ్యాహ్నం షిఫ్టు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది.

ముసలాయన ఫోన్ చేసిన ప్రతిరోజూ మధ్యాహ్నం దాటాక నది బురదెక్కింది. ఒక్కసారీ తప్పలేదు.

ఆ నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది. నీళ్ళ కేంద్రం నుంచని చెప్పి, ముసలాయన గురించి అడిగింది.

"మా నాన్న శనివారం పోయాడమ్మా. బుధవారం మళ్ళీ చేస్తే మీ ఫోన్ ఎంతకీ కలవలేదు. నేనే వెళ్ళి చెప్తానని సైకిలెక్కాడు. సగం దారిలో వాన. తడిసి జ్వరమొచ్చింది, ఇక తేరుకోలేదు."

రయీసా పెన్ను అందుకుంది.

"మీది ఏ వీధి? నేను వస్తాను."

"వీధేంటమ్మా, మాది స్టుఫెనీ. మీకు ముప్పై కిలోమీటర్లు ఎగువన. నాన్న ఇక్కడ రేవులో పడవ నడిపేవాడు."

"మరి మీ ఇంటి కుళాయిలో నీళ్ళు..."

"మా ఊళ్ళో కుళాయిలెక్కడివి? తాతల నాటి నుంచీ మేం తాగేది బావి నీళ్ళే."