నల్ల సిరాలో ఎన్ని రంగులు

"పదమూడుని పద్దెనిమిది చేసింది నువ్వే. మర్యాదగా ఒప్పుకో."

కెమిస్ట్రీ మాస్టారు ప్రోగ్రెస్ కార్డును ల్యాబు బల్ల మీద పడేశాడు.

"నేను కాదు సార్."

"పాసు మార్కు పద్దెనిమిది. మూడు కాస్తా ఎనిమిదైతే గట్టెక్కేది నువ్వా, నేనా? ప్రాక్టికల్స్ జాబితాలో నీ పేరు కొట్టేస్తున్నాను. మీ అమ్మకీ కబురు పెట్టాను."

అమ్మాయి తగ్గలేదు. "ఆ సిరా నా పెన్నుది కాదు సార్. రంగులు విడదీసి చూడండి."

మాస్టారికి నవ్వొచ్చింది. మిశ్రమాలను వేరుచేసే పాఠంలోనే ఆమె బోర్లాపడింది మరి. "ఎలా విడదీస్తావేం? వడపోస్తావా?"

"సిరా మొత్తం కాగితంలోంచి దిగిపోతుంది సార్."

"మరిగిస్తావా?"

"నీళ్లు పోతాయి. రంగులన్నీ ఒకే ముద్దగా మిగులుతాయి."

"మరి?"

"క్రొమటోగ్రఫీ సార్. నీళ్లతోపాటు కాగితం ఎక్కిస్తే ఏ రంగు ఓపిక దానిది."

"ఈ తెలివి పరీక్షలో ఎక్కడికి పోయిందో!" అంటూనే ఆయన వడపోత కాగితాన్ని మూడు పట్టీలు కత్తిరించాడు. ఒకదాని మీద తన పెన్ను చుక్క, ఇంకోదాని మీద ఆమె పెన్ను చుక్క పెట్టాడు. తడి పుల్లతో కార్డు మీద దిద్దిన వంపును తాకి, ఆ సిరాను మూడోదానికి అంటించాడు. చుక్కలు మునగకుండా పట్టీల అంచులను మాత్రం నీళ్లకు ఆనించాడు.

నీళ్లు నెమ్మదిగా పైకి పాకాయి. మాస్టారి నలుపులోంచి నీలం లేచింది, దాని వెనకాలే గులాబి. అమ్మాయి నలుపులోంచి ఊదా, ఆకుపచ్చ. మూడో పట్టీలో లేత నీలం పొగలా పైకి తేలిపోతుంటే, కింద నారింజ రంగు తెల్లవారుతున్నట్టు పరుచుకుంది. మాస్టారు కోపం మరిచిపోయాడు. గడ్డం బల్లకు ఆనించి, చిన్నపిల్లాడిలా చూస్తూ ఉండిపోయాడు.

"నీది కాదు. నాదీ కాదు," అన్నాడు తలెత్తి. "నీ పేరు కొట్టెయ్యనులే. మరి ఎవరిదమ్మా ఇది?"

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. "పిలిచారట సారూ..." అనబోయి, పట్టీలు చూసి ఆగిపోయింది.

"ఇదేంటే, నల్ల సిరాలో ఇన్ని రంగులా?"

చేతిసంచిలో వెతికి ఒక పెన్ను తీసింది. ఈ వయసులో అక్షరాలు దిద్దుకోవడానికి ముచ్చటపడి కొనుక్కున్న పెన్ను.

"నాదీ పెట్టవే. ఇందులో ఏం దాక్కున్నాయో చూద్దాం."

అమ్మాయి ఇంకో పట్టీ తడిపింది. ముగ్గురూ వంగి చూశారు. లేత నీలం పొగలా లేచింది. కింద నారింజ రంగు.

అమ్మాయి అమ్మ వైపు తిరిగింది. "అమ్మా... నా కార్డు మీద నువ్వేమైనా రాశావా?"

"రాయడమా? లేదే. సారు తొందరలో ఎనిమిది సగమే వేసి వదిలేశారు పాపం, నేను కలిపి పెట్టాను."