మొండిది ఇవాళ ఎంత?

“ఇవాళ ఎంత?” కళ్లు తెరవకుండానే అడిగారు తండ్రి.

“పదిహేడు మైళ్లు నాన్నా. మొన్న పద్దెనిమిది.”

“తూర్పు కొస విరిగిందా?”

“ఆఁ. విరిగిన ముక్క చిన్నది, లెక్కలోకి రాదు.”

ఆయన తలూపి నోరు తెరిచారు. కూతురు మాత్ర వేసి నీళ్లు పట్టింది. అంకె చెప్పందే ఆయన మాత్ర మింగరు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఇదే వరస.

ధ్రువసముద్రంలో తిరిగే ఆ మంచుకొండను పంతొమ్మిదేళ్ల కిందట ఉపగ్రహం పంపిన రాడార్ చిత్రంలో మొదట పట్టుకున్నది ఆయనే. పెద్ద మంచుకొండల లెక్క రాసే ఆ ఆఫీసు జాబితాలో దానికో అక్షరం, ఓ అంకె ఉన్నాయి గానీ ఆఫీసంతా దాన్ని ‘మొండిది’ అనే పిలిచేది. తోటివన్నీ కరిగి నీళ్లైపోయినా అది మాత్రం కరగనని భీష్మించుకుంది. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ, ఆ కొండ కూతురికే వచ్చాయి.

ఆయన మొండితనమూ తక్కువది కాదు. డాక్టరు నెల రోజులన్నాడు. “అది జాబితాలోంచి పోయాకే నేను పోయేది,” అన్నారు ఈయన. డాక్టరు నవ్వాడు. మూడో నెలలో నవ్వడం మానేశాడు.

ఆ నాలుగు నెలల్లో కూతురు సగమైపోయింది. పొద్దున్నే ఒళ్లు తుడవాలి, పుండ్లు పడకుండా పక్కకు తిప్పాలి, దుప్పట్లు మార్చి ఆఫీసుకు పరిగెత్తాలి. సాయంత్రం పేపరు పైకి చదవాలి. ఆయన కళ్లకు రెండేళ్లుగా పొరలు. చిత్రాలు చూసి బతికిన మనిషి కదా, కనిపించడం లేదని చెప్పుకోవడం నామోషీ. తనకోసం చదువుకుంటున్నట్టు ఆమె చదివేది, తను చూసినట్టే ఆయన వినేవారు.

తమ్ముడు బస్సు డ్రైవరు. ఆదివారాలు వచ్చేవాడు, పళ్లూ సలహాలూ పట్టుకుని.

“అక్కా, వేసవి మొదట్లో ముప్పై ఒకటి అన్నావు. ఇప్పుడు పదిహేడంటున్నావు. పొడవు పది మైళ్లకంటే తగ్గితే జాబితాలోంచి కొట్టేస్తారటగా?”

“అది రూలు.”

“అయితే ఇరవై అని చెప్పు. నీ సొమ్మేం పోతుంది? ఆయన ఆ ఆశ మీదే ఉన్నాడు.”

“నాన్న దగ్గర అంకెలతో ఆటలా? నా వల్ల కాదు.”

“నీది మరీ రాతిగుండె,” అన్నాడు వాడు. ఆమెకు కళ్లు చెమర్చాయి. వాడు సిగ్గుపడి, ఆ పూట దుప్పట్లు తనే ఉతికి వెళ్లాడు.

అప్పుడే ఆఫీసరు ఫోన్ చేశాడు. మంచు మీద పరిశోధనకు వెళ్లే ఓడ పదిహేనో తారీఖున బయలుదేరుతుంది.

“రెండుసార్లు వదులుకున్నావమ్మా. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. పేరు ఉంచనా, తీసెయ్యనా?”

“నాన్నని వదిలి ఎలా రాను సార్? ఉంచండి, ఆఖర్న చెప్తాను.”

“సరే. పాతవాళ్లం ఓసారి వచ్చి ఆయన్ని చూసి పోతాం.”

“వద్దు సార్. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వచ్చేస్తోంది.”

తర్వాతి రోజుల్లో అంకె పద్నాలుగైంది, పన్నెండైంది. ఏడో తారీఖు పొద్దున ఆయన మామూలుగానే అడిగారు. ఆమె మంచం అంచున కూర్చుంది.

“తొమ్మిది నాన్నా. కొట్టేశారు.”

ఆయనకు పాత ఆఫీసు గొంతు వచ్చింది.

“తేదీ సరిచూశావా?”

“నిన్నటిదే.”

“చోటు?”

“అదే.”

“వేసవి ఇది. పైన తడిస్తే రాడార్‌లో కొండంతా నల్లబడి సముద్రంలో కలిసిపోతుంది. అంచు మాత్రం సన్నగా మెరుస్తుంది. కొత్తలో అలాగే మోసపోయి, బతికున్నదాన్ని కొట్టేశాను. చలికాలానికి అది తెల్లగా తిరిగొచ్చింది. ఆఫీసంతా ఏడాదిపాటు నన్ను ఏడిపించింది. అంచు చూశావా?”

ఆమె టాబ్లెట్ ఆయన ముఖానికి దగ్గరగా పట్టుకుంది.

“నువ్వే చూడు నాన్నా. నీకంటే నాకు తెలుసా?”

ఆయన కళ్లు చికిలించి ఈ మూల నుంచి ఆ మూలకు చూశారు.

“నిజమే. ఏమీ లేదు,” అన్నారు.

మాత్ర అందిస్తే తల తిప్పుకున్నారు. “ఇంక ఎందుకమ్మా? నేను బాధపడతానని దాచకుండా చెప్పావు. అది చాలు.”

ఆ రోజు నుంచి మందు ముట్టలేదు, గంజి ముట్టలేదు. తమ్ముడు కాళ్లు పట్టుకుని బతిమాలాడు. డాక్టరు కోప్పడ్డాడు. పదకొండో తారీఖు మధ్యాహ్నం, కూతురి చేతిలో చెయ్యి పెట్టి ఆయన వెళ్లిపోయారు.

తమ్ముడే ఆమె పెట్టె సర్దాడు. “ఇన్నాళ్లూ చేశావు. కర్మ సంగతి నేను చూసుకుంటాను. ఇప్పుడైనా నీ బతుకు నువ్వు చూసుకో,” అని రేవు దాకా వచ్చి ఓడ ఎక్కించాడు.

సముద్రం మీద పన్నెండో రోజు, పొగమంచులో ఓడ వేగం తగ్గించింది. అందరూ పై అంతస్తుకు చేరారు. ఆఫీసరు ఆమె పక్కన నిలబడ్డాడు.

“పోయే ముందు నాన్నగారు ఏమైనా అన్నారా?”

“దాచకుండా చెప్పానని మెచ్చుకున్నారు సార్.”

పొగమంచు విడిపోయింది.

ఎదురుగా ముప్పై ఒక్క మైళ్ల మొండిది, చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.