ఒక మెదడా, మూడు మెదళ్ళా?

“ఒకే ఒక్క కంట్రోల్ బోర్డు చాలు మామా. హాల్లో పెడదాము. మూడు గదుల వైర్లూ దాని దగ్గరికే వస్తాయి” అన్నాడు ప్రిన్స్.

క్లెమెంట్ ఒప్పుకోలేదు. గదికొక చిన్న చిప్పు పెట్టాలన్నాడు. ఏ గది సంగతి ఆ గదే చూసుకుంటుంది, వైరు కూడా మిగులుతుంది అన్నాడు.

బంగారు గనుల ఊరు కోరమండల్‌లోని ఆ చిన్న షాపులో ఈ గొడవ మొదలై పన్నెండు రోజులైంది. క్లెమెంట్ గని మూతపడేదాకా అందులో ఎలక్ట్రీషియన్. ప్రిన్స్ ఆయన మేనల్లుడు. ఇంజనీరింగ్ చదివి, ఇళ్ళకు ఆటోమేషన్ చేస్తానని షాపు తెరిచాడు. ఏడాదైనా కాలింగ్ బెల్లులు బిగించడం తప్ప ఇంకో పని దొరకలేదు. ఇప్పుడు పక్కనున్న క్యాసంబళ్ళి పల్లె నుంచి సీనప్ప అనే ఆయన తన ఇంటికి చేయమని ఫోన్ చేశాడు. ఇది కుదిరితే ఊళ్ళో ఇంకో ఇరవై ఇళ్ళవాళ్ళు చేయించుకుంటారు. కుదరకపోతే షాపు మూసేసి ఉద్యోగానికి రోజూ బెంగళూరు రైలెక్కడమే.

సీనప్ప కోరికలు వింటే ఇద్దరికీ నవ్వొచ్చింది.

“పిల్లోళ్ళకు ఉక్క ఆగదప్పా. ఇరవై అయిదు డిగ్రీలు దాటకూడదు. వెలుగు మొగాన కొట్టకూడదు. గదిలో తేమ ఉండల్ల” అన్నాడు.

దోమల చుట్ట పొగ, అగరబత్తి, ఆఖరికి మల్లెపూల వాసన కూడా పనికిరాదట. గదులు మూడూ వాళ్ళకే ఇచ్చేసి మొగుడూ పెళ్ళాలు వరండాలో పడుకుంటారట. పిల్లోళ్ళు అని తప్ప ఇంకో మాట అంటే భార్య జయలక్ష్మమ్మ ఊరుకోదట.

“గని దొరల పిల్లలు కూడా ఇట్ల పెరగలేదప్పా” అన్నాడు క్లెమెంట్.

సీనప్ప హాస్టల్ పెడుతున్నాడని ప్రిన్స్ తేల్చేశాడు. బెంగళూరులో డబ్బున్నవాళ్ళ పిల్లలై ఉంటారు. ఎంతమంది, ఏ వయసు అని అడగలేదు. వైరు ఎన్ని మీటర్లు పడుతుందో మాత్రం రెండుసార్లు అడిగాడు. ఇంజనీరు కదా.

షాపు తన పేరు మీద ఉంది కాబట్టి వాదనలో ప్రిన్సే గెలిచాడు.

ఇల్లు ఖాళీగా ఉండగానే పని ముగించారు. గదుల్లో కొత్త సున్నం, బ్లీచింగ్ పౌడరు వాసన. గోడలకు ఆనించిన ఇనుప స్టాండ్లు చూసి, ఒకదాని మీద ఒకటి ఐదు మంచాలా, పిల్లల్ని మరీ ఇంతలా కుక్కుతారా అని ప్రిన్స్ జాలిపడ్డాడు. జాలిపడుతూనే ఫ్యాన్లవీ, లైట్లవీ, తేమ మిషన్లవీ వైర్లన్నీ లాక్కొచ్చి హాల్లోని బోర్డు డబ్బాలో కలిపాడు. జడ అల్లినట్టు వచ్చింది. ఆ జడకు నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. క్లెమెంట్ ఒక్క ఫొటో కూడా చూడలేదు.

సోమవారం పిల్లోళ్ళు దిగినారని సీనప్ప కబురు చేశాడు. అందరూ బాగా తింటున్నారట.

శుక్రవారం పొద్దున జయలక్ష్మమ్మ ఫోన్ చేసింది.

“పిల్లోళ్ళకు జ్వరం వచ్చినాదప్పా. తేమ తగ్గించల్ల. యాడ ఒత్తేది?”

ప్రిన్స్ టీ పక్కన పెట్టి, ఎంతమందికి అని అడిగాడు.

“అందరికీ. మూడు గదుల్లోనూ ఒకేసారి. ఒక్కరూ తిండి ముట్టలేదు. ఇది మూడోదప్పా, ఇంగొకటి ఉండాది.”

ఆవిడ గొంతులో దిగులు లేదు సరికదా, అందరికీ ఒకేసారి రావడం మంచిదేనని కూడా అంది. ఇంత రాతిగుండె మనిషి చేతిలో ఎవరు పిల్లల్ని పెట్టారా అనుకున్నాడు ప్రిన్స్.

స్పీకర్‌లో అంతా విన్న క్లెమెంట్ మొహం వెలిగింది.

“చెప్తిని కదప్పా. మెదడు ఒకటే పెడితే ఇల్లంతా ఒకేసారి పడకేస్తాది. గదికొకటి పెట్టింటే ఒక్క గదికే వచ్చుండును జ్వరం” అన్నాడు.

ప్రిన్స్ మనసులో లెక్కలు కట్టాడు. డబ్బా తప్పు లెక్క చూపించి ఉంటుంది. నాలుగు రోజులుగా పిల్లలు చలిలో తడిసి ఉంటారు. పోలీసులు, పేపర్లో తన ఫొటో, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ముందు తన కోసం భయపడ్డాడు. తర్వాత కాస్త సిగ్గుపడి పిల్లల కోసం కూడా భయపడ్డాడు.

ప్రిన్స్ అక్క డయానా నర్సు. ఆమెను డ్యూటీలోంచి లాక్కొచ్చి ఆటో ఎక్కించాడు. రెండు థర్మామీటర్లు, ఇరవై సీసాల జ్వరం సిరప్పు, నాలుగు బ్రెడ్డు ప్యాకెట్లు కూడా ఎక్కాయి. దారి పొడుగునా క్లెమెంట్ మూడు చిప్పులు ఎక్కడెక్కడ బిగించాలో సిగరెట్టు పెట్టె మీద గీస్తూ కూర్చున్నాడు.

సీనప్ప వాకిట్లో నింపాదిగా పళ్ళు తోముకుంటున్నాడు. డయానాకు ఒళ్ళు మండింది. అంతమంది పిల్లలు పడకేస్తే ఇలా కూర్చుంటారా, ఒక్క డాక్టరునైనా పిలిచారా అని నిలదీసింది.

“డాక్టరెందుకమ్మా? రేపటికి లేచి తింటారు. చెప్పులు బయట ఇడిచి, కాళ్ళు కడుక్కోని రా. సద్దు చేయొద్దు” అంటూ సీనప్ప తలుపు తీశాడు.

డయానా థర్మామీటరు విదిలించి లోపలికి అడుగేసి చూస్తే, అరల నిండా మల్బరీ ఆకుల మీద, పట్టు రైతులు ‘జ్వరం’ అని పిలిచే మూడో కుబుసం విడవడానికి తలలెత్తి కదలకుండా కూర్చుని ఉన్నాయి నలభై వేల పట్టుపురుగులు.