బెత్తెడు ఎడమకి

యజమాని జింకల తుపాకీని ఇరాకీ కెప్టెన్‌కి సరిచేసి ఇస్తున్నాడు గంగులయ్య. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రాకముందు, పనికి పిలిపించుకున్న యజమాని కఫీల్ ఎడారికి వేటకు బయల్దేరినప్పుడల్లా గురి సరిచూసే పని డ్రైవర్ గంగులయ్యదే. ఇప్పుడు కఫీల్ లండన్‌లో చిక్కుకుపోయాడు. ఇంట్లో అందరూ మామా అని పిలిచే యజమానురాలు, ఆమె కొడుకు సాలెం మిగిలారు.

"జింకల కోసమే. మనుషుల్ని కొట్టే రకం కాదు నేను," అన్నాడు కెప్టెన్.

నమ్మేదెట్లా? సాలెం రోజూ మిద్దె మీద కువైట్ జెండా ఎగరేస్తున్నాడు. ఇంకోసారి కనబడితే ఊరుకోనని నిన్న వీధిలో నిలబడి అరిచిందీ ఈ కెప్టెనే.

పెరటి గోడకు అట్ట ఆనించి, బొగ్గుతో సున్నా గీశారు. తుపాకీని బియ్యం బస్తా మీద పెట్టి కెప్టెన్ కాలుస్తుంటే, గంగులయ్య తుపాకీ మీద గురి చూసే టెలిస్కోపు మర తిప్పుతూ పోయాడు. చివరి గుండు సున్నా నడిమధ్యలో దిగింది. కెప్టెన్ గంగులయ్య భుజం తట్టాడు. కిటికీలోంచి మామా చూస్తోంది. గంగులయ్యకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

తుడిచిస్తానని తుపాకీని లోపలికి తీసుకెళ్లాడు. తెచ్చి ఇచ్చాడు.

వంటింట్లో పనిచేసే సిద్ధమ్మ గంగులయ్యకు టీ పొయ్యలేదు. ఆమెదీ అతనిలాగే కడప జిల్లానే.

"ఉప్పు తిన్నింట్లో తుపాకీ తీసి వాళ్ల చేతికిస్తివే. ఆ పిల్లోన్ని కాలిస్తే ఏం జేస్తావు గంగులన్నా?"

గంగులయ్య గొంతు తగ్గించాడు.

"తగల్దులే. తుడిచేటప్పుడు మర తిప్పేసినా. పెరట్లో బెత్తెడు ఎడమకి పోతాది. వీధిలోంచి మిద్దె మీదికైతే మూరెడు పోతాది."

సిద్ధమ్మ గ్లాసు తీసి టీ పోసింది.

మర్నాడు పొద్దున ఇంటి ముందు జీపు ఆగింది. మిద్దె మీద జెండా ఎగురుతోంది. వీధిలోంచి చూస్తే కర్రకు ఎడమ పక్కన సాలెం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దించు," అన్నాడు కెప్టెన్.

సాలెం కదల్లేదు. కెప్టెన్ తుపాకీ పైకెత్తాడు. గుమ్మంలో మామా ఏడుస్తూ ముందుకు ఉరికింది. గంగులయ్య అడ్డం నిలిచి, మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"భయపడొద్దు మామా. తగలదు."

తుపాకీ పేలింది. సాలెం కుప్పకూలిపోయాడు.

కెప్టెన్ చేతిలోంచి తుపాకీ జారి కింద పడింది. తెల్లబోయి గంగులయ్య వైపు తిరిగాడు.

"నేను గురిపెట్టింది జెండా కర్రకి," అన్నాడు.